ఎనిమిది మడతల తూటా

కాస్కేడ్ రోడ్డు,
నార్ఫోక్ దీవి,
17 జూన్ 1985.

చిరంజీవి ఆల్డెన్‌కు,

నాన్న మనసారా దీవించి వ్రాయునది. ఇక్కడ అమ్మా, నేనూ, పాడి ఆవులూ, గాలికి ఒరిగి మళ్ళీ నిలబడ్డ అరటితోటా కులాసాగా ఉన్నాం. మరమ్మతుకు ఎక్కిన ఓడలో పని ఎలా ఉంటుందో నాకు తెలియదు గాని, ఆక్లండ్ చలికి మేజోళ్ళు తొడుక్కునే పడుకుంటున్నావనీ, ఒంట్లో బాగుందనీ తలుస్తాను.

నీ ఉత్తరం బుధవారం విమానంలో వచ్చింది. మూడు ప్రశ్నలు అడిగావు. కాస్కేడ్ రేవు చివర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గంతులేసిన ముసలాయన ఎవరని ఒకటి. సరుకు దించకుండా వెళ్ళిపోయినందుకు అమ్మ మీ ఓడను శపించిందా అని ఒకటి. మీ సరంగు టెవీటా బాతుల వేటకు ఇంట్లోనే తూటాలు చేసుకుందామనుకుంటున్నాడు, తూటాలు బిగించే ప్రెస్సు ఏది కొనమంటావని ఇంకొకటి. మూడింటికీ జవాబు ఒకే కథలో ఉంది. "అసలు సంగతి మొదటి వాక్యంలోనే రాసెయ్, నాన్చకు" అని చెప్పి అమ్మ లోర్నా ఇంటికి టీకి వెళ్ళింది. వరస తప్పి చెప్పడం నాకు చేతకాదని నీకు తెలుసు. పైగా అమ్మ ఇంట్లో లేనప్పుడే రాయవలసిన మాట ఒకటుంది. దాన్ని చివరికి ఉంచుతాను.

గంతులేసింది ప్లన్ తాత. నువ్వు తాత అంటావు, నాకు బాబాయి వరస. ఆ రోజు అలల పోటు ఎలా ఉందో మీ డెక్కు మీదినుంచి చూసే ఉంటావు. సరుకు పడవ మీ ఓడ దాకా వచ్చి, అంటుకోలేక వెనక్కి తిరిగింది. మీ కెప్టెన్ చేసింది సరైన పనేనని నా అభిప్రాయం. అయితే యౌవనమంతా ఆ పడవలకు చుక్కాని పట్టిన ప్లన్ తాతకు అది మింగుడు పడలేదు. రేవు చివరికి వెళ్ళి, "ఇంతకంటే పెద్ద అలల్లో నేను పియానో దింపానురా, పిరికి పీనుగుల్లారా!" అని అరిచాడు. ఆ అరుపుతోపాటు ఆయన కింది పళ్ళ సెట్టు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. నువ్వు చూసిన గంతులు అవే.

ఇక అమ్మ. శపించింది, కాని నిన్ను తప్పించి. కొండ అంచున నిలబడి, దుర్భిణి నా చేతిలోంచి లాక్కుని, "అదుగో, నా తూటాలు! కళ్ళముందే పోతున్నాయి! నీ కొడుకు చూడు, పెళ్ళికి తరలివెళ్తున్నట్టు చెయ్యి ఊపుతున్నాడు!" అంది. నువ్వు చెయ్యి ఊపినప్పుడు మాత్రం తనూ ఊపింది. అది ఆమె ఒప్పుకోదు.

ఆమె కోపంలో న్యాయం ఉంది, ఆల్డెన్. ఆగస్టులో సువాలో జరిగే ద్వీపాల తుపాకి పోటీకి మన క్లబ్బు నుంచి ఆడవాళ్ళకు ఒక్కటే చోటు. మట్టి బిళ్ళలు గాల్లోకి ఎగిరితే ఈ దీవిలో వాటిని నేలకు చేరనివ్వని ఆడవాళ్ళు ఇద్దరే. మీ అమ్మా, లోర్నా. పోయినసారి ఒక్క బిళ్ళ తేడాతో లోర్నా వెళ్ళింది. ఈసారి ఎంపిక పోటీ, మన పెద్దలు ఈ దీవిలో దిగిన పండుగ బౌంటీ దినం తర్వాతి శనివారానికి పెట్టారు. పోటీ జరగకపోతే చోటు పాతవాళ్ళకే అని క్లబ్బు నియమం. పోటీకి కావలసిన తూటాలన్నీ మీ ఓడ అడుగున ఉన్నాయి. విమానం వాళ్ళు తూటా పెట్టె అంటేనే తల అడ్డంగా ఊపుతారు. "ఈసారి కాకపోతే నా భుజం ఇంకోసారికి ఒప్పుకోదు, హార్లన్" అంది అమ్మ. మీ అమ్మ వయసు మాట తనంతట తాను ఎత్తడం నేను వినడం అదే మొదలు.

క్లబ్బు రాతి కొట్టులో నిరుటి ఓడలో వచ్చిన తుపాకి మందు, దానికి నిప్పంటించే క్యాపులు, సీసపు రవ్వలు, రవ్వలను పట్టి ఉంచే ప్లాస్టిక్ గిన్నెలు అన్నీ ఉన్నాయి. కాల్చేసిన ఖాళీ తూటాలు బస్తాల్లో ఉన్నాయి. లేనిది ప్రెస్సు ఒక్కటే. ఎందుకు లేదంటే, ఏది కొనాలన్న తగాదా కమిటీలో ఏడాదిగా నలుగుతోంది. నన్నూ పిలిచారు. నేను తుపాకి పట్టను గాని, పళ్ళు కట్టే చిన్న కొలతల పనిలో జీవితం గడిపినవాణ్ణని వాళ్ళకొక నమ్మకం.

కార్యదర్శి మోరిస్‌కు తిరుగుడు పళ్ళెం ఉన్న పెద్ద ప్రెస్సు కావాలి. పళ్ళెం మీద తూటాలు వలయంగా కూర్చుంటాయి. ఒక్కసారి పిడి లాగితే ఒకదాని పాత క్యాపు ఊడుతుంది, ఒకదానిలో మందు పడుతుంది, ఒకదానిలో రవ్వలు, ఒకదాని నోరు మూసుకుంటుంది. లాగిన ప్రతిసారీ ఒక తూటా తయారై చేతికొస్తుంది. ముసలివాళ్ళు తాతలనాటి కొయ్య సుత్తీ, చేతి పనిముట్లూ చాలన్నారు. నేను మూడోది చెప్పాను. పిడి ఒకటే, తూటా ఒకటే. ఒక్కో పనికి ఒక్కో చోటు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మన చేత్తో మనమే మార్చాలి.

"అందులో చేస్తే ఎంతసేపు పడుతుందో తెలుసా?" అన్నాడు మోరిస్.

"ఈయన ఒక్కొక్క తూటానూ పళ్ళ సెట్టు కట్టినట్టు కట్టుకుంటూ కూర్చుంటే, సువాలో పోటీలు అయిపోయి అందరూ ఇళ్ళకు చేరతారు" అంది మీ అమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత నా కారణం చెప్పాను. టెవీటాకు కూడా ఇదే చెప్పు. మన ఉప్పుగాలికి మందు చెమ్మగిల్లి, ప్రెస్సు నాళంలో ఒక్కోసారి అతుక్కుపోయి కిందికి పడదు. తిరుగుడు ప్రెస్సులో ఆ సంగతి చేతికి తెలియదు. పిడి ఎప్పటిలాగే దిగుతుంది, తూటా నోరు అందంగా మూసుకుంటుంది. మందు లేని తూటాను పేలిస్తే క్యాపు బలానికి గిన్నె, రవ్వలు తుపాకి గొట్టం మధ్యదాకా వెళ్ళి ఇరుక్కుంటాయి. అది గమనించకుండా ఇంకొకటి పేలిస్తే గొట్టం పగులుతుంది. పగిలేది ఎడమ చెయ్యి పట్టుకున్న చోటు దగ్గరే. ఒంటి ప్రెస్సులో అయితే, ట్రేలో నిలబెట్టిన తూటాలన్నిటి నోళ్ళలోకీ దీపం వేసి చూసి, మందు మట్టం అన్నిటిలో ఒకేలా ఉందని తేలాకే ముందుకు వెళ్ళవచ్చు. బాగా అలవాటైన చేతికి తిరుగుడుదీ మంచిదే. మా చేతులు కొత్తవి. "నేను నోళ్ళలోకి చూసి బతికేవాణ్ణి. చూడ వీల్లేని నోటికి పని చెయ్యను" అన్నాను.

మీ అమ్మ తన ఎడమ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇది నాకు కావాలి. మెల్లిదే తెప్పించండి" అంది. ఏడాది తగాదా అక్కడితో తీరింది.

ప్రెస్సు బ్రిస్బేన్ నుంచి తర్వాతి విమానంలో వచ్చింది. నా పనిగదిలో, ప్లాస్టర్ మూసల బల్లకే బిగించాను. ఖాళీ తూటాల నోళ్ళు పరీక్షించి, అంచు చిట్లినవి ఏరేశాను. పాత క్యాపు ఊడదీయడం, కొత్తది కూర్చడం, మందు, గిన్నె, రవ్వలు, అన్నీ నేను కోరుకున్నట్టే జరిగాయి. చివరి పని నోరు మూయడం. నక్షత్రంలా మడతలు పడి మూసుకోవాలి. పడలేదు. ఉతికి పిండిన చొక్కా కాలరులా నలిగి, మధ్యలో సందు మిగిలింది. పిడి నెమ్మదిగా లాగి చూశాను, గట్టిగా లాగి చూశాను. మొదటి పది తూటాలను మోరిస్ నమూనాకని కోటు జేబులో వేసుకువెళ్ళాడు. మరునాడు చర్చిలో రెండో కీర్తనకు అందరం లేచి నిలబడ్డాం. ఆ కుదుపుకు అతని జేబులోంచి సీసపు రవ్వలు జలజలా రాలి, చెక్కనేల మీద దొర్లుకుంటూ వెళ్ళి పాస్టరుగారి బూట్ల దగ్గర ఆగాయి. ఆయన కళ్ళు తెరవలేదు గాని పాట ఒక చరణం ముందే ముగించారు.

కారణం ఇంటికి వచ్చాక తెలిసింది. మన ఖాళీ తూటాలన్నిటి నోటికీ ఫ్యాక్టరీలో ఎనిమిది మడతలు వేశారు. ప్రెస్సుతో వచ్చిన, మడతలు మొదలుపెట్టే ప్లాస్టిక్ టోపీకి ఆరే గాడులు. ప్లాస్టిక్ తన పాత మడత మరిచిపోదు. ఎనిమిదిని ఆరు చేయబోతే ఎటూ కాకుండా నలుగుతుంది. ముప్పై ఏళ్ళుగా మనుషుల పళ్ళు లెక్కపెట్టేవాణ్ణి, ఒక్క తూటా నోటి మడతలు లెక్కపెట్టలేదు. కాబట్టి టెవీటాకు చెప్పు, ప్రెస్సు కొనకముందే తన దగ్గరున్న ఖాళీ తూటాలు తీసి మడతలు లెక్కపెట్టుకొమ్మను. తక్కినవన్నీ ఆ తర్వాతి మాట.

ఎనిమిది గాడుల టోపీకి తంతి ఇస్తే సిడ్నీ నుంచి రావడానికి నెల పడుతుందన్నారు. పోటీ మూడు వారాల్లో ఉంది. అమ్మ తుపాకి తుడిచి, సంచిలో పెట్టి, బీరువా పైకి ఎక్కించింది. వానకోటు కింద. అది చూశాక నాకు అన్నం సయించలేదు.

టోపీ నేనే చేస్తానన్నాను. ఇంకా కాల్చని ఒక ఫ్యాక్టరీ తూటా నోటికి, మనిషి చిగుళ్ళకు తీసినట్టే అచ్చు తీశాను. ముందు దేవదారు చెక్కతో చేశాను. గాడులు నాలుగు డజన్లకే అరిగాయి. ప్లాస్టర్‌తో చేశాను, మొదటి ఒత్తుకే పొడి అయింది. చివరికి కట్టుడు పళ్ళకు చిగుళ్ళు పోసే గులాబీ పొడితో చేశాను. వేడినీళ్ళలో ఉడికించి, చల్లార్చి, మెరుగు పెట్టి ప్రెస్సుకు బిగించి పిడి లాగాను. ఎనిమిది మడతలు బారు తీరి, మధ్యలో సూది మొన కూడా దూరకుండా కలుసుకున్నాయి. అమ్మను పిలిచాను. చాలాసేపు చేతిలో తిప్పి చూసింది. "ఇది చిగుళ్ళ రంగు కదూ" అంది. అవునన్నాను. "మరి ప్లన్ బాబాయికి?" అంది. ఆయనతో మాట్లాడాననీ, ఆయనకు తొందరలేదట అనీ చెప్పాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆమె వెళ్ళి తుపాకి దింపుకుంది.

అప్పటినుంచి మన ప్రెస్సుకు ఊరంతా "పళ్ళ ప్రెస్సు" అని పేరు పెట్టారు. కూరగాయలు కొనబోతే, "హార్లన్, ఈ పూట దానికి పళ్ళు తోమావా?" అంటారు. లోర్నా కూడా వచ్చి పిడి లాగింది. ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చుని, ఒకరు క్యాపులు కూరుస్తుంటే ఒకరు రవ్వలు పోస్తూ, ఎవరి భుజం ఎంత నొప్పిగా ఉందో అబద్ధాలు చెప్పుకునేవారు. "లోర్నాకు నాకంటే మంచివి చేశావంటే విడాకులే" అని అమ్మ, "వెర్లీకి రెండు రవ్వలు ఎక్కువ పోశావేమో చూస్తానుండు" అని లోర్నా. అందుకని తూటాలన్నీ ఒకే బుట్టలో కలిపేశాను. ఎవరికి ఏది వస్తుందో నాకే తెలియకుండా.

పోటీ మొన్న శనివారం జరిగింది. సముద్రం మీదినుంచి గాలి తెంపు లేకుండా వీచింది. నేనెప్పుడూ మైదానానికి వీపు పెట్టి నిలబడతానని నీకు తెలుసు. ఈసారీ అంతే. పేలుడు చప్పుడు వింటూ నిలబడ్డాను. మందు మట్టం సమంగా ఉంటే ప్రతి చప్పుడూ ఒక్కలాగే ఉండాలి. ఉంది. చివరికి ఇద్దరి లెక్కా సమానమైంది. ఇక ఎవరో ఒకరు తప్పేదాకా ఒక్కొక్క బిళ్ళా కొట్టాలి. అప్పుడు ఇటు తిరిగాను. వీపుతో వినే ఓపిక అయిపోయింది.

బుట్టలోంచి ముందు లోర్నాను తీసుకోమన్నాను. ఆమె కొట్టింది, అమ్మ కొట్టింది. మళ్ళీ ఆమె, మళ్ళీ అమ్మ. ఆ తర్వాతి బిళ్ళను గాలి ఒక్క జానెడు పైకెత్తింది. లోర్నా తూటా పేలింది, బిళ్ళ చెక్కుచెదరకుండా వెళ్ళి గడ్డిలో పడింది. తూటా దోషమంటే ఈ దీవిలో నేనిక తలెత్తలేను. లోర్నా తుపాకిని కీలు దగ్గర వంచి తెరిచి, ఖాళీ తూటా తీసి, దాని నోట్లోకి చూసి, నావైపు తిరిగింది. "నీ పళ్ళు బాగానే కరిచాయి హార్లన్. తప్పింది నేనే" అంది.

అమ్మ "వదులు!" అంది. బిళ్ళ లేచింది. పొగలా పొడి అయిపోయింది.

ఇదీ అసలు సంగతి. మీ అమ్మ సువా వెళ్తోంది. లోర్నాయే మొదట కౌగిలించుకుంది. "పోయినసారి నేను తెచ్చిన పూలదండ కంటే పెద్దది తేకపోతే దీవిలోకి రానివ్వం" అంది. ఆ సాయంత్రం లోర్నా ఇంట్లోనే అరటికాయ తురుముతో కాల్చిన పిల్హై, వేయించిన చేపా తిన్నాం. కారులో వస్తుంటే అమ్మ ఉన్నట్టుండి అంది: "అందరికంటే ఎక్కువ అరిచింది ప్లన్ బాబాయే. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పాపం, బౌంటీ దినం విందులో కూడా చిగుళ్ళతోనే నమిలాడు. ఆయన పళ్ళు ఇంకెప్పుడు కడతావయ్యా? నీకంటే నత్త నయం." నేను రోడ్డు వైపే చూస్తూ బండి నడిపాను.

ఇప్పుడు ఆ దాచిన మాట.

నా గులాబీ పొడి కూడా మీ ఓడలోనే ఉండిపోయింది. డబ్బా అడుగున మిగిలింది ఒక్క కింది సెట్టుకే సరిపోయేది. అది ప్లన్ తాతది. బౌంటీ దినం విందుకల్లా పెడతానని నేను మాట ఇచ్చాను. చెక్క అరిగి, ప్లాస్టర్ పొడి అయ్యాక కూడా ఆ డబ్బా మూత నేను తీయలేదు. అచ్చు తీసిన మూస బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను, అంతే. అప్పుడే మైనం సెట్టు నోట్లో పెట్టి చూసుకోవడానికి ఆయన వచ్చాడు. నలిగిన తూటాలు చూశాడు. మూస చూశాడు. మూత బిగించిన డబ్బా చూశాడు. పడవ నడిపినవాడు, అలను దూరం నుంచే చదువుతాడు.

"ఆ పొడితో అయితే అవుతుందన్నమాట" అన్నాడు.

"అది మీది, బాబాయ్."

"నేనడిగింది అది ఎవరిదని కాదు. అవుతుందా?"

"అవుతుంది."

"మరి చెయ్యరా, చూస్తూ కూర్చుంటావేం?"

విందు ఉందన్నాను. మాట ఇచ్చానన్నాను. "విందులో నేను తినేది కొబ్బరిపాలలో ఉడికిన అరటి ఉండలు. వాటికి పళ్ళెందుకు? నాలుక చాలు. బౌంటీ దినం నాకు ఎనభై సార్లు వచ్చింది, నేనుంటే మళ్ళీ వస్తుంది. ఆ పిల్లకు ఈ చోటు మళ్ళీ వస్తుందా?" అన్నాడు. మీ అమ్మ ఆయనకు ఇప్పటికీ పిల్లే. తర్వాత నా చొక్కా పట్టుకుని దగ్గరకు లాగి, "వెర్లీకి మాత్రం చెప్పావో, చూడు. తెలిస్తే పిడి లాగినప్పుడల్లా నా బోసినోరు గుర్తొస్తుంది. గురి తప్పుతుంది. పైగా వచ్చి బతిమాలి డబ్బా నాకే ఇచ్చేస్తుంది, అది అలాంటి మనిషి" అన్నాడు.

చెప్పలేదు. విందులో ఎవరు అడిగినా ఆయన ఒక్కో కథ చెప్పాడు. తన నోటికి తగ్గ పళ్ళు ఇంకా తయారు కాలేదన్నాడు. తన ముద్దులు తట్టుకోలేక మైనం కరిగిపోయిందన్నాడు. చాలామందికి మాత్రం, "హార్లన్ సంగతి తెలుసుగా, మెల్లిగా కడతాడు" అన్నాడు. ఊరంతా నన్ను నత్త అంటోంది. నా వృత్తిలో నేనింత ఆనందంగా మాట పడటం ఇదే మొదటిసారి.

కాబట్టి ఆల్డెన్, ఆక్లండ్‌లో పళ్ళ సామాను అమ్మే దుకాణానికి వెళ్ళి, గులాబీ పొడి రెండు డబ్బాలు కొని తీసుకురా. ఓడ అడుగున వేయకు. నీ సంచిలో పెట్టుకో. సరుకు పడవలోకి దిగేటప్పుడు చొక్కా లోపల పెట్టుకో. ఈసారి అలలు ఎంత ఉన్నా వెనక్కి వెళ్ళిపోయామన్న మాట వినను. ఆ తూటాలన్నీ ఉండిపోయినా ఫరవాలేదు, పొడి దిగాలి. నీ జవాబులో ఈ ఊసు ఎత్తకు, నీ ఉత్తరాలు విప్పేది అమ్మే. తాత నోట్లో పళ్ళు పెట్టిన రోజున నేనే చెబుతాను. పెద్దగా ఏడుస్తుంది, ఆ తర్వాత నన్ను తిడుతుంది. రెండింటికీ సిద్ధంగా ఉన్నాను.

నిన్న చర్చి అయ్యాక తాతను చూడబోయాను. పోటీలో చివరి బిళ్ళను పొడి చేసిన ఖాళీ తూటాను అమ్మ ఆయనకే ఇచ్చిందట. ఎందుకో ఆమెకే తెలియదు, అందరికంటే గట్టిగా అరిచాడని కాబోలు. దాన్ని వంటింటి కిటికీలో, భార్య ఫోటో పక్కన నిలబెట్టుకున్నాడు. పేలినప్పుడు నోరు విచ్చుకున్నా మడతల గీతలు చెరగవు కదా. వేలికొసతో ఒక్కొక్క గీతా తడుముతూ లెక్కపెట్టాడు. రెండోసారి కూడా లెక్కపెట్టాడు.

"చూడరా, ఎనిమిదీ ఉన్నాయి. బారు తీరి ఉన్నాయి. నా సొంత పళ్ళు కూడా ఎప్పుడూ ఇంత వరసగా లేవు" అని, నోరంతా తెరిచి నవ్వాడు.

గేటు చప్పుడైంది. అమ్మ వచ్చేసింది. కవరు అంటించేస్తున్నాను.

ఇట్లు,
నీ రాక కోసం రేవు వైపు చూసే
నాన్న.